కళ్లు మూసుకుని దిగిన మెట్లు

వేదిక మీదున్న మా పెద్దసారుకి, ఎదురుగా కూర్చున్న పెద్దలకి, ఇన్నేళ్లూ నాతోపాటు సిమెంటు దుమ్ము మింగిన మిత్రులకి ఈ దండ బరువుకి వంగిన మెడతోనే నమస్కారం చేస్తున్నాను. (నవ్వులు)

పెద్దసారు నన్ను ఆకాశానికెత్తేశారు. నేను అంత గొప్పవాణ్నయితే నా ఫైళ్లు అన్నిసార్లు ఎందుకు తిప్పికొట్టారో మరి! (నవ్వులు)

ముప్పై మూడేళ్లు కట్టడాల అనుమతుల ఆఫీసులో పనిచేశాను. చిత్రమేమిటంటే, ఈ ఊరు నాకు వీధులుగా గుర్తులేదు, మెట్లుగా గుర్తుంది. మంట లేచి పొగ కమ్మితే కళ్లు కనపడవు కదా అని, ఏ భవనానికి సంతకం పెట్టాల్సొచ్చినా ముందు పై అంతస్తుకెక్కి, కళ్లు గట్టిగా మూసుకుని, ఒక చెయ్యి రైలింగు మీద వేసి, వీధి తలుపు చేతికి తగిలేదాకా దిగేవాణ్ని. దాంతో నాకు ‘కబోది సారు’ అని పేరొచ్చింది. ఆ మూల నవ్వుతున్న మేస్త్రీగారూ, ఆ పేరు పెట్టింది మీరేనని నాకు తెలుసు! (నవ్వులు) ఇప్పటికీ కుర్చీలో కాస్త కునుకు పట్టిందంటే చాలు, ఏదో ఒక భవనం దిగుతూ ఉంటాను, తడి సున్నం వాసన వస్తూ ఉంటుంది, ఇంకా ఎవరూ కాపురం రాని ఇళ్లలోంచి ఎవరో పిల్లల నవ్వులు వినిపిస్తాయి, చేతికింద రైలింగు చల్లగా జారిపోతూ ఉంటుంది, నాకు మెలకువ రావాలనిపించదు.

ఒక్క భవనం మాత్రం దిగలేదు. అది మా బావమరిది కట్టించింది. మా ఇద్దరి పేర్లూ ప్రభుత్వ భద్రతా నిపుణుల జాబితాలో ఉండేవి, అందులో పేరుంటేనే మా సంతకాలు చెల్లేవి. ‘బావా, నామీద నమ్మకం లేదా?’ అన్నాడు. ఉంది. అందుకే కాఫీ తాగుతూ కూర్చున్నచోటే సంతకం పెట్టేశాను.

వారం తిరక్కుండా మా ఆవిడ తమ్ముడి భవనం చూడ్డానికి వెళ్లి, దిగేటప్పుడు తూలింది. ‘ఏమండీ, అక్కడ మెట్టు నా కాలికి అందలేదు’ అంది. వెళ్లి కళ్లు మూసుకుని దిగాను. రెండో అంతస్తు దగ్గర నేనూ తూలాను. టైల్స్ పరిచాక ఆ ఒక్క మెట్టూ రెండు వేళ్ల లోతు ఎక్కువైంది. వెలుగులో పెద్ద సంగతేం కాదు. పొగలో ముందువాడు పడితే వెనకవాళ్లంతా వాడిమీదే పడతారు.

ఆ సాయంత్రమే నా అనుమతి నేనే రద్దు చేసి, ఇద్దరి తప్పూ రాసి పైకి పంపాను. ఇద్దరి పేర్లూ జాబితాలోంచి కొట్టేశారు. నాది ఆర్నెల్లలో తిరిగొచ్చింది. అతనిది రావడానికి మూడేళ్లు పట్టింది. అతను మళ్లీ మా గడప తొక్కలేదు. మా ఆవిడ ఇటు మొగుడికీ అటు తమ్ముడికీ మధ్య అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది.



ఇవాళ అతనొచ్చాడు. చివరి వరసలో కూర్చున్నాడు. మీరెవరూ వెనక్కి తిరిగి చూడకండి, అసలే మొహమాటస్తుడు, లేచి వెళ్లిపోతాడు.

ఒరేయ్, రద్దు చేసినందుకు నాకు బాధ లేదు. మళ్లీ అయినా అదే చేస్తాను. కానీ ఆ కాగితం పంపేముందు మీ ఇంటికొచ్చి, నీ మొహం చూసి చెప్పాల్సింది. రెండు వీధుల దూరం. ధైర్యం చాల్లేదు. రూలు వెనక దాక్కున్నాను. అది నా తప్పు. నన్ను క్షమించు.

నన్ను ఇంత ఆదరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. నా రిజిస్ట్రేషన్ కార్డు పొద్దున్నే అప్పగించేశాను. రేపట్నుంచి నా సంతకంతో ఎవరికీ పనిలేదు. ఇక నేను నీకు బావని, అంతే. ఆ పిలుపు విని ఏడేళ్లయిందిరా. పిలవాలనిపిస్తే పిలువు.

సెలవు.