కాగితం మీద లేని లైను

మిక్సింగ్ బల్ల దగ్గర సౌండ్ ఇంజినీరు. వెనక సోఫాలో అతని భార్యకు అన్న, ఈ ఆల్బమ్‌కు సంగీత దర్శకుడు. ఎనిమిది పాటల్లో చివరిది మిగిలింది.

“...అంత ఎకో ఎందుకు బావా? గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది.”

“కావాలనే. పాత క్యాసెట్టు కలలో విన్నట్టుండాలి. డ్రీమ్ పాప్ అంటే అదేనయ్యా ఇంజినీరూ.”

“డ్రీమో, పీడకలో. టేపు బుసలు వేశావు, ఫ్యాను చప్పుడు వేశావు. ఇక దోమలే తక్కువ.”

“దోమలు రెండో పాటలో ఉన్నాయి. ఈ ఒక్కటీ కానియ్, సాయంత్రంలోగా పంపాలి. నలుగురు ఫారిన్ సింగర్లు, నాలుగు దేశాలు. మన భాష ఒక్క ముక్క రాదు. ఎంత చక్కగా పాడారో చూశావా?”

“మా ఆవిడ నమూనాగా ట్రాక్ పాడి పెట్టింది కనక. విని విని అచ్చు దించారు. ఈ పాట పాడినావిడైతే ‘ళ’ కూడా అలాగే, నాలుక మడిచి...”

“ఊఁ.”

“పది నెలలైంది బావా ఆ గొంతు విని. ఇలా పరాయివాళ్ళ నోట...”

“పని చూడు.”

“చూస్తున్నా. రెండో చరణం తర్వాత ఈవిడ ఒక లైను పాడింది. నీ కాగితం మీద లేదు.”

“ఆలాపన అయ్యుంటుంది.”

“ఆలాపనలో మాటలుంటాయా?”

“పరాయి నాలుక, ఏదో అలా పలికింది. ఇంకాస్త ఎకో వెయ్యి, కలిసిపోతుంది.”

“తీసేస్తున్నా.”

“లైనా?”

“ఎకో. వినాలి.”

“టైమ్ లేదంటుంటే... ఇంజినీరూ!”

“ఉండు. ‘చాలు’ అంటోంది. ‘చాలన్నయ్యా’...”

“నీకలా వినిపిస్తోంది.”

“‘చాలన్నయ్యా, ఊపిరాడట్లేదు.’ ఇది పాట కాదు బావా. పాడుతూ పాడుతూ మా ఆవిడ నీతో అన్న మాట. పాపం ఈవిడ, అదీ పాటే అనుకుని ఆయాసంతో సహా నేర్చుకుంది.”

“నువ్వు ముందు కాస్త మంచినీళ్ళు తాగు.”

“ట్రాక్ పాడిన రోజు నేను ఊళ్ళో లేను. ఏం చెప్పావు నాకు? రెండుసార్లు పాడింది, నవ్వుతూ బస్సెక్కింది అన్నావు.”

“ఎక్కింది. బస్సెక్కింది.”

“నాలుగో రోజుకి పోయింది.”

“దానికి ఆ గుండె జబ్బు చిన్నప్పట్నుంచీ ఉన్నదేగా. డాక్టర్లే అన్నారు, ఇవాళ కాకపోతే...”

“డాక్టర్లు పాడించొద్దన్నారు. నీకు ఫోన్ చేసి మరీ చెప్పాను.”

“అదే పాడతానంది! నేను రమ్మన్నానా? అదే వచ్చింది.”

“సరే, అదే వచ్చింది. చాలంటే ఎందుకు ఆపలేదు?”

“వినపడలా. హెడ్‌ఫోన్స్‌లో డ్రమ్స్ మోగుతున్నాయి. ఒట్టు.”

“తర్వాతైనా వినలేదా?”

“లేదు. ఇప్పుడే, నీతోపాటే వింటున్నా. దాని పేరు మీదే కదా ఆల్బమ్ తెస్తున్నాను, అట్ట మీద దాని ఫోటోయే కదా వేశాను! తెలిసి ఉంటే ఇది బయటికి పంపుతానా?”

“మరి ఈవిడ మెయిలేంటి? ఫైలుతోపాటే ఉంది. ‘ఈ పాటలో నాకు ప్రాణం ఈ లైనే, అడగ్గానే అర్థం రాసి పంపినందుకు థాంక్స్’ అని.”

“మూసెయ్ దాన్ని.”

“అర్థం ఏమని రాశావు?”

“చెప్తున్నాగా, మూసెయ్...”

“ఏమని రాశావు బావా?”

“‘ఇంకొక్కసారి పాడనీ అన్నయ్యా’ అని.”