కొలిమిలో సాగే ముక్క

హలో… ఆ, అక్కనేరా. మళ్ళీ నేనే.

…

విసుక్కోకు. నీ సబ్‌స్టేషన్‌కి ఇవాళ ఎంతమంది ఫోన్ చేశారో నాకనవసరం. వాళ్ళంతా నీకు అక్కలు కారుగా. కరెంటు ఎప్పుడిస్తావో చెప్పు.

…

కాసేపా. నీ కాసేపు సంగతి నాకు తెలీదా? చిన్నప్పుడు స్నానానికి రమ్మని పిలిస్తే కూడా ఇదే మాట. చీకటి పడేదాకా వచ్చేవాడివి కాదు.

…

నవ్వకు. నాకు నవ్వే ఓపిక లేదు. ల్యాబులో ఒక్కదాన్నే ఉన్నా. మా జనరేటరు మొరాయించింది, బ్యాటరీ చచ్చింది దానికి. మెకానిక్ ఇంకోటి తెస్తానని బజారుకెళ్ళాడు… ఆ, ఇంకా రాలేదు. ఫోనెత్తడు. కొలిమి ఇన్వర్టర్ మీద నడుస్తోంది. అదీ కూయడం మొదలెట్టింది… వినబడుతోందా? అదే. దాని పనైపోయిందని చెప్పడం.

…

ఏ కొలిమేంటి? ఇనప ముక్కలు లాగి చూసే ఉద్యోగం అని కనబడ్డ వాళ్ళందరికీ చెప్పి నవ్వుతావుగా, ఆ కొలిమే.

…

చెబుతా, కాస్త విను. ఎప్పుడూ సగం విని వదిలేస్తావు. లోపల వేలెడంత ఉక్కు ముక్క వేలాడుతోంది. దానికి కింద బరువులు కట్టాం. వేడి ఐదు వందల నలభై డిగ్రీలు. ఏడాది దాటింది, ఒక్క పూట ఆపలేదు. అంత వేడిలో, అంత బరువుకి, అది ఎన్నాళ్ళు ఓర్చుకుంటుందో చూడాలి. సాగుతుందిరా. కంటికి కనబడదు, మీటరుకి తెలుస్తుంది. సాగీ సాగీ ఓ రోజు తెగుతుంది. ఆ రోజు కోసమే ఇంతకాలం దీని ముందు కూర్చున్నా.

…

తగ్గితేనా? పది డిగ్రీలకి మించి తగ్గితే పరీక్ష చెల్లదు. మొత్తం పోయినట్టే. ఏడాది చాకిరీ బూడిదలో పోసినట్టే.

…

లైన్ మీద మనిషున్నాడా? ఎవరు… ఆ పొడుగాయనా?

…

తెలుసురా. కరెంటు ఆపించి లైన్ క్లియర్ తీసుకున్నవాడే మళ్ళీ దాన్ని అప్పగించాలి. దిగానని తన నోటితో తను చెప్పాలి, అప్పుడుగానీ నువ్వు స్విచ్ వెయ్యవు. అన్నం తింటూ కూడా ఇదే పాఠం చెబుతావు. అయితే ఫోన్ చేసి అడుగు, ఎక్కడున్నావయ్యా అని.

…

ఎత్తట్లేదా. మళ్ళీ చెయ్యి. నన్ను ఉంచి, ఆ బల్లమీద ఫోన్లోంచి చెయ్యి… ఆ, ఉన్నా. ఎక్కడికి పోతా?

…

…

లేదా. మోగి మోగి ఆగిపోయిందా.

దిగేసి ఉంటాడురా. దిగి ఎక్కడో టీ తాగుతూ ఉంటాడు. ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని… నాకేం తెలుసంటావా? నీకు మాత్రం ఏం తెలుసు? తీగ మీద పడ్డ ఒక్క కొమ్మ కొట్టడానికి ఇంతసేపా?

…

అయ్యో.

కూత ఆగిపోయింది. ఇన్వర్టర్ పోయిందిరా. కొలిమి మీద ఎర్ర లైటు ఆరింది.

…

కప్పానురా, ఉన్న దుప్పట్లన్నీ దాని చుట్టూ చుట్టా. కిటికీలు మూశా. ఇంకేం చెయ్యను, నోటితో ఊదనా? ఐదు వందల ముప్పై తొమ్మిది… మీటరుకి సొంత బ్యాటరీ ఉంది, అది చక్కగా పనిచేస్తోంది. నా ఖర్మ చూపించడానికి.

…

తగ్గలేదని రాసెయ్యాలా? ఎవరి చేత్తో? వేడి గీత అదే గీసుకుంటుంది. అది ఇక్కడ గీస్తుంటే అక్కడ ఈ ముక్క పంపినవాళ్ళ ఆఫీసులో కనబడుతుంది. వాళ్ళు పెట్టిన షరతే ఇది. చెయ్యగలిగినా చెయ్యను, ఆ సంగతి వేరు.

…

ఒక ముక్కేగా, మళ్ళీ వేసుకోవచ్చుగా అంటావా.

ముక్కేనా అది? ఎక్కడ్నుంచి కోశారో తెలుసా నీకు? …వద్దులే. బయట ఎవరికీ చెప్పనని సంతకం పెట్టా.

…

అవును, మనిషి ప్రాణమే. నాకు తెలీదా మనిషి ప్రాణమంటే ఏంటో. నువ్వు నాకు చెప్పాలా? ఒక్క మనిషి గురించి చెబుతున్నావు నువ్వు. కాగితం మిల్లు బాయిలర్ హాల్లో పూటకి ఎంతమంది నిలబడతారో…

…

ఆ. కాగితం మిల్లే.

…

ఆ. చిన్నోడు చేసే మిల్లే.

…

తలమీదుగా ఆవిరి పైపు పోతుంది చూడు, నువ్వూ చూశావు, వాడు ఉద్యోగంలో చేరిన రోజు స్వీట్లు పట్టుకెళ్ళినప్పుడు. ఆ పైపులోంచి కోసిన ముక్క ఇది. పాతబడిపోయిందిరా ఆ పైపు. ఒకచోట ఉబ్బింది. మార్చమని నెత్తీనోరూ బాదుకున్నాం. ముక్క తెగితే మారుస్తాం, తెగేదాకా మార్చం అన్నారు. నెల నుంచీ తెగ సాగుతోంది, ఇవాళో రేపో తెగిపోయేది. తెగకముందే పరీక్ష పోతే మళ్ళీ కొత్త ముక్క, మళ్ళీ ఇంకో ఏడాది. అప్పటిదాకా పైపు అక్కడే, నీ కొడుకు దాని కిందే. ఇప్పుడర్థమైందా, ఎందుకు నీ ప్రాణం తోడేస్తున్నానో?

…

ఐదు వందల ముప్పై ఐదు.

…

తమ్ముడూ.

…

ఒరేయ్, ఉన్నావా? మాట్లాడు… ఏంటా చప్పుడు? కుర్చీ జరిపావా?

…

ఎక్కడికెళ్తున్నావు? …అబద్ధం. నడుస్తున్నావు, నీ బూట్లు వినబడుతున్నాయి. ఆ స్విచ్‌ల గదిలోకి ఎందుకెళ్తున్నావు?

…

ఆగు. ఒరేయ్ ఆగు. ఆయన దిగాడా? నీకు చెప్పాడా?

…

నేనన్నా. దిగేసి ఉంటాడని నేనే అన్నా, కాదనట్లేదు. నాకేం తెలుసని అన్నా? నేను చూశానా? ఏదో మాట అందుకున్నా, అంతే. స్విచ్ మీద చెయ్యి పెట్టావా? పెట్టావా చెప్పు.

…

తియ్యి. తీసెయ్ నాన్నా. నోరు జారాను, నీతో ఆ మాట అనాల్సింది కాదు. నీ కాళ్ళు పట్టుకుంటా, వెయ్యకు.

…

చిన్నోడు నాకు కాడా? వాణ్ణి నేనెత్తుకోలేదా? …విను. విను నా మాట. ఆ పొడుగాయనకి ఇంట్లో ఎవరున్నారు?

…

కూతురా. ఒక్కతేనా?

…

చూడు మరి. రేపు ఆ పిల్ల ముందు నిలబడగలవా నువ్వు? నేను నిలబడగలనా? పుట్టినప్పట్నుంచీ నా మాట ఎప్పుడూ కాదనలేదు నువ్వు. అదే నా భయం ఇప్పుడు. ఇందాక చెప్పింది వదిలెయ్, ఈ మాట విను. వెనక్కి రా. కుర్చీలో కూర్చో.

…

కూర్చున్నావా? …ఏదీ, చప్పుడు రాలేదు. నాకు వినబడేలా కూర్చో.

…

ఆ. అలా ఉండు. లేవకు.

…

ముప్పై మూడు.

…

చదవకుండా ఎలా ఉంటా, ఎదురుగా వెలుగుతుంటే. ఈ గదిలో వెలిగేది అదొక్కటే. అద్దంలోంచి కొలిమి లోపల ఇంకా ఎర్రగానే ఉంది. చూస్తే ఏమీ కానట్టే ఉంది.

…

ఏడుస్తున్నావా? …ఏడ్చెయ్. నేను ఏడిస్తే మీటరు కనబడదు.

…

ముప్పై ఒకటి… మెకానిక్ రాలేదు. గేటు దగ్గర ఏదో బండి ఆగితే ఆశపడ్డా. ఎవరో కొరియర్ అబ్బాయి.

…

ముప్పై.

…

ఇరవై తొమ్మిది. అయిపోయింది. పోయిందిరా. ఇక తగ్గినా ఒకటే, పెరిగినా ఒకటే.

…

ఏమీ చెయ్యట్లేదు. స్టూలు మీద కూర్చున్నా. ఏం చెయ్యను?

…

ఏదో మోగుతోంది నీ దగ్గర. ఆయనేనేమో చూడు. ఎత్తు ముందు.

…

…

ఏమన్నాడు? …పైనే ఉన్నాడా? ఇప్పటిదాకా?

…

రెండు చేతుల్తో తీగ పట్టుకునుంటే ఫోనెలా ఎత్తుతాడు మరి. నిజమే.

…

వద్దు. ఆ మాట అనకు. వేసుంటే ఏమయ్యేదో అనుకోకు, నేనూ అనుకోను. వెయ్యలేదు, అంతే. దిగాడుగా? తన నోటితో చెప్పాడుగా? అయితే వెయ్యి.

…

వచ్చింది. లైట్లు వెలిగాయి. ఫ్యాను కూడా తిరుగుతోంది, నేను వెయ్యమన్నట్టు.

…

నీకెందుకు చెప్పలేదంటే ఏం చెప్పను? సంతకం ఒకటుంది. అదొక్కటే కాదులే. చిన్నోడికి చెప్పా. వాడికి చెప్పకుండా ఉంటానా? మానెయ్‌రా, ఇంకెక్కడైనా దొరుకుతుంది అన్నా. నవ్వాడు. అత్తా, నేను మానేస్తే నా జాగాలో ఇంకొకడు నిలబడతాడు, అంతేగా, పైపేమైనా మానేస్తుందా అన్నాడు. నాన్నకి చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. నువ్వు నిద్రపోవని.

…

తిట్టు. ఎంతైనా తిట్టు, పడతా.

…

ఉండు. ఇదేంటి, ఇలా ఎక్కుతోంది. నలభై దగ్గర ఆగాలి. నలభై ఐదు… చల్లారిందని ఒక్కసారిగా కాచేస్తోంది. తగ్గిస్తున్నా… తగ్గిస్తూనే ఉన్నా, ఎక్కుతోంది. యాభై. యాభై రెం…

అమ్మా.

…

నాకేం కాలేదు. నేనే అరిచా. బరువులు పడ్డాయి. నేల అదిరింది. నీకు వినబడిందా?

…

తెగింది.

…

ఆ, తెగింది. సరిగ్గా మేం తెగుతుందన్న చోటే.

…

లేదురా. లేదు. సంతోషించకు. ఇది లెక్కలోకి రాదు. పరీక్ష చెల్లకుండా పోయాక తెగింది. మీ కొలిమి చల్లారింది, మళ్ళీ మాడింది, అందుకే తెగింది, మా పైపుకేం ఢోకా లేదు అంటారు. ఆ గీత వాళ్ళ దగ్గరుంది. నేను కాదని ఎలా అంటా? నేనే వాళ్ళ చోటులో ఉన్నా నన్ను నమ్మను.

…

తీసుకెళ్తా. రెండు ముక్కలూ తీసుకెళ్ళి వాళ్ళ ఇంజనీరు బల్ల మీద పెడతా. వింటాడని కాదు. కాళ్ళు పట్టుకుంటానేమో కూడా. ఇప్పుడు కాదు, కాలిపోతున్నాయి, ముట్టుకోనివ్వవు.

…

ఇవాళ వాడిది ఏ షిఫ్టు?

…

అంటే ఇప్పుడు అక్కడే ఉన్నాడా.

…

చెయ్యి. నువ్వు చేస్తే ఎత్తుతాడు. ఆ హోరులో వినబడకపోతే మళ్ళీ మళ్ళీ చెయ్యి. ఏదో ఒకటి చెప్పి బయటికి రమ్మను. నాకు బాగాలేదను. అబద్ధమేం కాదు.

…

ఉండు, నాకు ఇంకో ఫోన్ వస్తోంది.

…

మిల్లు నుంచి.

…

గీత చూసి చేస్తున్నారు. పరీక్ష పోయిందని చెప్పడానికే. అంతేరా, ఇంకేం అయ్యుండదు. ముక్క ఇప్పుడేగా తెగింది, ఇంతలోకే అక్కడ పైపుకేమవుతుంది… ఏమో, నాకేం తెలుసు, ఎత్తితేగా తెలిసేది.

…

ఎత్తుతా. నువ్వు పెట్టెయ్. వాడికి చెయ్యి నువ్వు, పెట్టెయ్—