సాక్ష్యం చెప్పిన నోరు

హలో… ఆ రూబెన్, నేనేరా. ఈ ఇంట్లో ఫోన్ ఎత్తడానికి ఇంకెవరున్నారు.

… తిన్నా.

… ఏదో ఒకటి. చారు.

… నేను చారు తిన్నానో లేదో కనుక్కోడానికి నందిగామ నించి ఫోన్ చేశావా? పాస్టరయ్య చెయ్యమన్నాడా?

… అనుకున్నా. ఆయన ఫోన్లు నేను ఎత్తటల్లేదని నా బామ్మర్దిని పట్టుకున్నాడు.

… తెలుసు. రేపు నా వంతు. ఈస్టరు ముందు శ్రమల కాలం మొదలైన కాడి నించి రోజుకో ఇంట్లో ప్రార్థన కూటం పెడతన్నారు. ఇవాళ సతీష్‌బాబు వాళ్ళింట్లో. పాటలు ఇక్కడికి వినపడతన్నయ్యి. కర్ర సిలువ రాత్రికి వాళ్ళింట్లోనే ఉంటది. రేపు సాయంత్రం మోసుకుంటా వచ్చి నా గడప ముందు నిలబడతారు. అంతేగా.

… లేదు. నా ఇల్లు దాటేసి తర్వాతోళ్ళింటికి పొమ్మను.

… రెండేళ్ళుగా దాటేస్తానే ఉన్నారుగా. ఈ యేడు కొత్తేముంది?

… ఎవరూ? రజియాబీనా? నీదాకా వచ్చిందా ఆ కబురు?

… ఆ, పొద్దున గోడవతల నించి అంది. పరవడానికి చాపలు నేనిస్తా, టీ నేను కాస్తా, మీరు తలుపు తీస్తే చాలు అన్నయ్యా అని. నేను లోపలికి వచ్చేశా. తన నమాజు తను మానదు, నా ప్రార్థన సంగతి కూడా ఆవిడకే కావాల.

… తలుపు తియ్యటం పెద్ద పని కాదు రూబెన్. సిలువ అందుకుని ఇంటాయనే మొదటి ప్రార్థన చెయ్యాల. మన సంఘం పద్ధతి నీకు తెలీనిదా. అది నా వల్ల కాదు.

… మాటలు రాకపోవటం కాదు. మూడో తరగతి చదివినోడికి మాటలు ఎప్పుడొచ్చినయ్యి గనక.

… కోపమా…

… ఏమో. కోపమే అనుకో.

… నువ్వే చెప్పు. పెళ్ళైన కాడి నించి ఆ గుడికి పోయా. ఒక్కనాడన్నా లేచి సాక్ష్యం చెప్పానా? వెనక గోడకి ఆనుకుని కూర్చుని, ఆమెన్ అనేసి వచ్చేవాణ్ణి. మీ అక్కకి ఆపరేషనయి, గడ్డ మొత్తం తీసేశాం, ఇంక భయం లేదని డాక్టరు చెప్పాడు చూడు… ఆ ఆదివారం నా అంతట నేనే లేచా. దేవుడు సూసన్నమ్మని బాగుచేశాడని చెప్పా. అంతమందిలో. చెప్పి, సంఘమంతటికీ కృతజ్ఞత భోజనాలు పెట్టా.

… ఆ, పులుసులో ఉప్పెక్కువైంది. ఎక్కువైందంటానే మూడు సార్లు పోయించుకున్నావు.

… నవ్వులే. నవ్వు.

… ఏముందీ తర్వాత. మిరపకోతలకల్లా గడ్డ తిరగబెట్టింది. కల్లాలు ఎత్తకముందే మనిషి పోయింది.

… పోయిందని కాదురా. పోనోళ్ళు ఎవరు. తన తరఫున సాక్ష్యం చెప్పినోణ్ణి అబద్ధికుణ్ణి చేశాడు ఆ దేవుడు. కోర్టులో ప్లీడరు కూడా సాక్షిని అట్టా వదిలెయ్యడు.

… నీకు తెలీదు. నీ ఇంట్లో జరిగితే తెలిసేది.

…

… రూబెన్?

…

… అవును. అవునులే. నీకూ తోడబుట్టిందేగా. నేను నా ఏడుపే చూసుకున్నా.

… ఏడవమాక. ఈ వయసులో ఏందిరా.

… సరే, ఏడువు.

…

… ఎప్పుడు? ఆసుపత్రిలోనా? నేను మందులకి కిందకి పోయినప్పుడా?

… మీ అక్క ఏమందీ?

… మళ్ళీ చెప్పు.

… ‘మీ బావ అంతమందిలో నా కోసం నోరు తెరిచాడు. తర్వాత ఏమైనా కానీ, ఆ మాట అబద్ధం కాదు. ఆయన్ని గుడికి దూరం కానీమాక’… అట్టా అందా.

…

… ఇన్నాళ్ళూ చెప్పలేదేం మరి?

… అవును. గుడి మాటెత్తితే ఫోన్ పెట్టేసేవాణ్ణి. నేను చెప్పనిస్తేగా.

… ఉండు, కళ్ళజోడు తీస్తా.

… ఆ. ఉన్నా.

… అయినా రాదు రూబెన్. నోరు తెరిస్తే తిట్టే వచ్చిద్ది. సిలువ చేత్తో పట్టుకుని, అందరి ముందూ దేవుణ్ణి తిడితే బాగుంటదా?

… దావీదు రాజా? ఆయన దేవుణ్ణి తిట్టాడా?

… ‘ఎందుకు దూరంగా నిలబడ్డావు’ అన్నాడా. బైబిలు కీర్తనల్లోనా?

… రాజు గనక చెల్లింది. నాకు చెల్లొద్దూ.

… ప్రార్థనా? ఇప్పుడా? నీ ముందా?

… ఏం మాట్లాడమాక మరి. మధ్యలో ఆమెన్లు అనమాక.

… ఉన్నావుగా.

తండ్రీ…

…

తండ్రీ, నీతో మాట్లాడి చాలా కాలమైంది. నాకు మాట్లాడబుద్ధి కాలా. నేను నీ పక్షాన లేచి నిలబడ్డా. నువ్వు నా పక్షాన నిలబడలా. ఎందుకో నాకు తెలీదు. నువ్వు చెప్పనూలా… ఆ మనిషి ఆఖరి దాకా నిన్ను ఒక్క మాట అనలా. నాకంత మంచితనం లేదు. నా కోపం పోలా. పోయిందని రేపు పదిమందిలో అబద్ధం చెప్పలేను…

రూబెన్, వింటన్నావా?

… రూబెన్?

… హలో… హలో.

కట్టయిందే. ఏ మాట కాడ కట్టయిందో ఏమో.

…

సరే.

…

తండ్రీ, సూసన్నమ్మకి అక్కడ నొప్పి లేకుండా చూడు. ఎడమ పక్కకి తిరిగి పడుకోలేకపోయేది… రేపు సాయంత్రం వీళ్ళందరూ వస్తన్నారు. తలుపు తీస్తా. నాకు ఇట్టాగే మాట్లాడటం వచ్చిద్ది, ఇంకో రకంగా రాదు. నువ్వు ఉండు.