వనజ ఒక్కతే విన్న పాట

ఆపొద్దే పాపా, ఉండనీ. "అవ్వా, నీకు తలనొప్పి వస్తాదా, ఆపేదా" అని అడగతావేంది? గోవింద నామాలు చెప్పుకునే ముసిల్దానికి ఈ బూర పాట యాడ ఎక్కుతాదిలే అనుకుంటివా? అది ట్రంపెట్టు. ఊదే ఆయప్ప ఎవరో నాకు తెలీదు గానీ, ఆ సంగీతాన్ని జాజ్ అంటారు. సూడు, ఎట్ల నోరు తెరిచిందో! మీ అమ్మను గూడా పిలువు, వంటిల్లు యాడికీ పోదు. ఎదురుగా ఇద్దరన్నా కూర్చుంటే గానీ నాకు గొంతు లెయ్యదు. రాదంటనా? సరే, నువ్వన్నా ఆ ఫోను పక్కన పెట్టి సరిగ్గా కూర్చో.

నేను చిత్తూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటర్నని తెలుసు గదా. అప్పుడు ఇప్పట్లాగ నొక్కితే మోగేది కాదు. తిరపతికి మాట్లాడాలంటే మాకు చెప్పాల, మేము తిరపతి ఆపరేటర్ను పిలవాల, ఆ పిల్ల ఆడ కలపాల. నా ముందర గోడంత బోర్డు, దాని నిండా బెజ్జాలు, చేతిలో వైర్లు, చెవులకు హెడ్‌ఫోను, గుండెల మీద మాట్లాడే గొట్టం. పెండ్లిండ్ల కాలంలో మంచినీళ్ళు తాగేదానికి గూడా సందు ఉండదు. ఆదివారం మధ్యాన్నం మాత్రం అంగళ్ళు మూసుంటాయి, ఊరంతా అన్నం తిని పడుకోనుంటాది, బోర్డు చప్పుడు చెయ్యదు. అప్పుడు మేము ఆపరేటర్లం లైన్లో ముచ్చట్లు పెట్టుకునేవాళ్ళం. ఏం ముచ్చట్లు, ఏం కూర చేసినావు, మల్లెపూలు మీ ఊర్లో మూర ఎంత? మాకు పావలా. తిరపతిలో ఎక్కువ, స్వామి ఊరు గదా, పూలు ఎన్నైనా చాలవు.

తిరపతి బోర్డు మీద ఉండేది స్టెల్లా. రేణిగుంట రైల్వే కాలనీ పిల్ల. వాళ్ళ నాయన గార్డు పని చేసి రిటైరైనాడు, దొరల కాలం నాటి రికార్డులు పెట్టెల్లో దాచుకున్నాడు. మేమిద్దరం ముఖాలు సూసుకోకముందే ప్రాణస్నేహం. గొంతు స్నేహం అనుకో. ఒక ఆదివారం, "కస్తూరీ, ఒకటి వినిపిస్తా, అయ్యేదాకా నోరెత్తొద్దు" అనింది. సూట్‌కేసు మాదిరి మూత తెరిచే చిన్న రికార్డు ప్లేయరు, బ్యాటరీలతో పాడేది, సంచిలో పెట్టుకోని తెచ్చింది. గొట్టం దాని ముందర పెట్టింది.

మొదట ఏనుగు ఏడ్చినట్ల ఉన్నింది. "ఇదేందే, పెండ్లి బ్యాండువాడు దోవ తప్పినాడా?" అంటే ఆ పిల్ల నవ్వలేక సచ్చింది. "మళ్ళీ విను. ఒక్క మాట పట్టుకోని ఎన్ని తీర్లుగా తిప్పుతాడో సూడు" అనింది. విన్నా. మా గుళ్ళో నాదస్వరం ఆయన రాగాన్ని తిప్పుతాడే, అట్లే తిప్పుతా ఉండాడు. అదే మాట, ఒకతూరి కోపంగా, ఒకతూరి బతిమాలతా. ఇంటికొచ్చి దీపం పెట్టి శ్లోకం చెప్తా ఉంటే, శ్లోకం గూడా ఆ దోవలోకే పోతాదే!

ఆడ్నించి ప్రతి ఆదివారం అదే పని. అయితే పాట మధ్యలో బోర్డు మీద బిళ్ళ పడతాది, అంటే ఎవరో ట్రంకాల్‌కు పిలుస్తా ఉండారని. పాట వదిలేసి కలపాల. కలిపి వచ్చేలోపల ఆయప్ప యాడికో పొయ్యుంటాడు. రికార్డు మధ్యలో ముల్లు ఎత్తి పెడితే గీత పడతాదని వాళ్ళ నాయన ఒప్పుకోడు. అందుకని మాకొక పద్ధతి ఉండాది. నేను పోగొట్టుకున్న ముక్కను స్టెల్లా నోటితో పాడి చెప్పాల. "పా పరరా పా... ఈడ ఆగినాడు కస్తూరీ, ఈడ ఊపిరి పీల్చుకోని పైకి పొయ్యినాడు" అని. తనకు కాల్ వస్తే నేను పాడాల. నిజం చెప్పనా? నాకు రికార్డు కన్నా ఆ ముక్కలే ఇష్టం. రికార్డు ఎవరికోసమో పాడింది. ముక్క నాకోసం పాడింది గదా.

ఇంక వచ్చిందమ్మా వనజ.

నగరి ఎక్స్ఛేంజీలో కొత్తగా చేరింది. నేతగాళ్ళ పిల్ల. సగం అరవం, సగం తెలుగు. "అక్కా" అంటే బెల్లం కారతాది నోట్లోంచి. నగరి లైను నాకు నేరుగా లేదు, తిరపతి మీదనే రావాల. అంటే ఏంది? స్టెల్లా కలిపితేనే వనజ, కలపకుంటే లేదు. కలిపింది. మా రెండు లైన్ల కీలూ ఒకేతూరి తెరిచి పట్టుకోని, "కస్తూరీ, ఈ పిల్ల గూడా వింటాదంట" అనింది. విననీలే, పుణ్యమేం పోతాది అనుకున్నా. పాట అయిపొయ్యింది. వనజ అంటాదీ, "అక్కా, మా ఇంట్లో మగ్గాలు ఇట్లే గదా. నాయన మగ్గం ఒక తాళం, మామ మగ్గం ఒక తాళం, యాడో ఒకచోట రెండూ కలిసి ఒకే దెబ్బ పడతాది. నేను పడుకోని ఆ దెబ్బ కోసమే కాచుకోనుంటా" అనింది.

స్టెల్లా ఎగిరి గంతేసింది, లైన్లోనే తెలస్తాది. "విన్నావా కస్తూరీ, ఏం చెప్పిందో! నాకు తట్టనే లేదే!" అని.

పాట నాదస్వరం మాదిరి ఉండాదని నేను చెప్పినప్పుడు "ఆహా" అనింది, అంతే. గంతెయ్యలా.

ఒక క్రిస్మస్ పండగకు రేణిగుంటకు భోజనానికి పిలిచింది. పట్టుచీర కట్టుకోని, తిరపతి దాకా బస్సు, ఆడ్నించి ఇంకో బస్సు. మొదటితూరి ముఖం సూడబోతా ఉండానని దోవంతా కొంగు సర్దుకుంటానే ఉన్నా. పోతే ఏముండాది? వనజ ముందరే వచ్చి, కాళ్ళు మడుచుకోని, గులాబీ పూలు నములుతా కూర్చోనుండాది. తినే గులాబీ పూలే, వాళ్ళు పండక్కు నూనెలో వేస్తారు. వాళ్ళ నాయన పెద్ద ప్లేయర్లో రికార్డు పెట్టినాడు. "ఇది మన పాటే" అనింది స్టెల్లా. "ఇది కాదు" అన్నా నేను. ట్రంపెట్టు వెనకాల ఏందో లావు తీగల వాయిద్యం డుం డుం అని నడుస్తా ఉండాది, డోలు చర్మం మీద ఎవరో చీపురుతో ఊడ్చినట్ల ఇంకో చప్పుడు. అవేవీ మా పాటలో లేవు. "ఇది వేరే రికార్డు, నన్ను ఆటపట్టిస్తా ఉండారు" అని పందెం గూడా కట్టినా. ఆ ముసిలాయన కండ్లల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వినాడు. లావు చప్పుళ్ళు టెలిఫోను లైన్లో రావంట. ఇన్నాళ్ళూ నేను విన్నది పాటలో పైమీగడ మాత్రమే.

వనజ గూడా నా మాదిరే అంటాదని దాని పక్క సూసినా. అది ఊరికే కాలాడిస్తా కూర్చోనుండాది. ముందరే ఒకతూరి వచ్చి వినిపొయ్యిందంట! నగరి నించి రైలు ఉండాది గదా, దిగితే రేణిగుంట. నా ఖర్మకు చిత్తూర్లో పుట్టినా.

నేనూరుకుంటానా? స్టెల్లా ఎప్పుడూ విననిది నేనొకటి వినిపించాల అని పట్టుదల పట్టినా. స్వామే పంపించినాడు. ఒక ఆదివారం మా కిటికీ కింద పెండ్లి ఊరేగింపు ఆగింది. నాదస్వరం ఒకాయన, డోలు ఇద్దరు. పెండ్లికొడుకు కారు మొరాయించినట్లుంది, జనం తోస్తా ఉండారు, వాయించేవాళ్ళకు పని లేదు, వాళ్ళలో వాళ్ళకు పోటీ పడింది. గొట్టం విప్పి, వైరు ఎంత సాగితే అంత సాగదీసి, కిటికీ బయటికి పట్టుకున్నా. "స్టెల్లా, నోరెత్తొద్దు, విను!"

"ఎవరిదే ఇది? యాడ దొరికింది రికార్డు?" అని అరిచింది.

"రికార్డు కాదే, మా వీధి!"

"అమ్మో! ఉండుండు కస్తూరీ, వనజను కలుపుతా, అది వినకపోతే ఎట్ల?"

చెయ్యి వెనక్కి లాక్కుందామా అనిపించింది. లాక్కోలా. స్టెల్లా వింటా ఉండాది గదా. కారు కదిలేదాకా అట్లే పట్టుకోని నిలబడినా. తర్వాత వాళ్ళిద్దరూ ఆ డోలు గురించే మాట్లాడుకుంటా ఉంటే, నేను బిళ్ళ పడకపోయినా "కాల్ వచ్చింది" అని లైను వదిలేసినా.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు గదా. మా చెల్లెలి బిడ్డకు తలనీలాలు ఇచ్చే మొక్కు పడింది. ఆదివారమే కుదిరింది. సెలవు పెట్టి కొండకు పొయ్యినా. క్యూలో నిలబడుకోని గోవిందా గోవిందా అంటానే ఉండా, మనసు తిరపతి బోర్డు మీదనే. ఇప్పుడు ఏం పెట్టింటాదో, వనజ ఏం చెప్పింటాదో. స్వామి ముందరికి పొయ్యి, ఆ రెప్పపాటులో ఏం మొక్కుకున్నానో తెల్సా? "ఈ దినం రికార్డు ప్లేయరు చెడిపోనీ స్వామీ" అని. నవ్వుతావేమే? స్వామి గూడా నవ్వింటాడు, అందుకే వినలా.

తర్వాత వారం స్టెల్లా గొంతే మారిపొయ్యుండాది. "కస్తూరీ, అట్లాంటిది నేను జన్మలో వినలే. మా నాయన స్నేహితుడు అరక్కోణం నించి ఆ రికార్డు తెచ్చినాడు, సాయంత్రం బండికే తీసుకోని పొయ్యినాడు. పేరు గూడా రాసుకోలే" అనింది. "సరే, పాడి చెప్పు మరి" అన్నా, మా పద్ధతి ప్రకారం. "నాకు సరిగ్గా రాలేదే. వనజ బాగా పట్టుకునింది. దాన్నడుగు, కలుపుతా" అనింది.

వనజనా? నేనా? అడిగేది?

"వద్దులే, బోర్డు మీద పని ఉండాది" అన్నా. వద్దంటే వద్దే. ఏండ్లు గడిచినాయి, అడగలా. స్టెల్లా పెండ్లి చేసుకోని మద్రాసుకు పొయ్యింది, నొక్కితే మోగే ఫోన్లొచ్చి మా బోర్డులు పీకేసినారు, నాకు మీ అమ్మ పుట్టింది, మీ అమ్మకు నువ్వు పుట్టినావు. ఆ పాట మాత్రం వనజ దగ్గరే ఉండిపొయ్యింది. దేవుడి గదిలో కూర్చున్నా ఒక్కోతూరి గుర్తొస్తాది, ఎట్లుంటాదో అని.

మొన్న మొన్న వనజ ఫోన్ చేసింది. "అక్కా, స్టెల్లాక్క పోయిందంట. వాళ్ళ పిల్లలు నాకు చెప్పినారు" అని. ఏడ్చినా పాపా. ఏడస్తానే, "నీకెందుకు ముందు చెప్పినారు?" అని అడిగినా. "నా నంబరే దొరికిందేమోలే అక్కా" అనింది. మళ్ళీ ఇద్దరం ఏడ్చినాం.

అప్పుడు అడిగేసినా. ఇంక ఎవరితో పంతం? "వనజా, నేను కొండకు పొయ్యిన ఆదివారం స్టెల్లా ఏం వినిపించింది? పాడు" అన్నా.

"ఎన్నేండ్లకు అడిగినావక్కా" అని పాడింది. ముసిలి గొంతు, వణుకుతాది. కండ్లు మూసుకోని విన్నా. తర్వాత వారం మళ్ళీ పాడమంటే ఇంకో తీరుగా పాడింది. "పోయిన వారం ఇట్ల లేదే, ఈడ కిందికి దిగింది గదా?" అంటే, "ఇదే అక్కా" అంటాది. ఇంకో వారం ఇంకో తీరు. "మర్చిపొయ్యినావు, ఒప్పుకో!" అని గదిమినా. దానికేమందో తెల్సా? "ప్రతిసారీ ఒకే తీరుగా పాడితే అది స్టెల్లాక్క వినిపించిన పాట ఎట్లయితాదక్కా?" అనింది.

సూడు. నిజమే గదా ఆ మాట? నాకు తట్టలా. మళ్ళీ దానికే తట్టాలనా!

పోనీలే. నీకేం చెప్పేది పాపా, ఇట్ల దగ్గరికి రా, తల మీద చెయ్యి పెట్టనీ. ఈ లోకంలో ఎవరికన్నా ఏదన్నా మంచిది చెవిన పడితే, ఇది ఫలానా పిల్లకు వినిపించాల అని నువ్వు గుర్తు రావాల. మొదట రావాల. రెండోదిగా వద్దు స్వామీ, మొదట...