బతికున్నోని వీలునామా

ఏంది మనోజ్ఞా, పొద్దుగాల్నే సంచి సంకకేస్కొని బయలెల్లినవ్? ఖమ్మం కోర్టుకా. అవ్, మీ నాయిన కాయితాల పని, మొన్న మీ అమ్మ చెప్పింది. బస్సుకింక టైముంది, ఇట్ల అరుగు మీద కూసో. పేర్లన్ని ఒక్కతీరుగ ఉన్నయా చూసుకున్నవా? ఆధార్ల ఒకటి, సావు కాయితంల ఒకటి ఉంటె తిప్పలే. నాకెట్ల తెల్సంటవా? ఒక్కపారి పోయిన నేనూ ఆ కోర్టుకు, సాక్షిగ. గంగక్క కోసం. నీకు యాదికుండదు, గప్పుడు నువ్వు పలక పట్టుకొని తిరిగేదానివి. మన క్వార్టర్ల లైన్ల ఆ చివర ఇల్లు, ఇప్పుడు తిరుమల కిరాయికుంటుంది చూడు, అండ్లనే ఉండేటోళ్లు మొగడూ పెండ్లాం. పిల్లలు లేరు. మునక్కాయలు కాస్తె లైనంత పంచేది గంగక్క. ఎవలన్న పైసలిస్తె మొఖం ముడుసుకునేది. గసోంటి మనిషి.

ఆమె పెనిమిటిని బొగ్గుబాయిల అందరం జంపయ్య అనేటోళ్లం. అసలు పేరు పగిడయ్య. నవ్వకు, గప్పుడు సగం మంది గట్లనే, మారుపేర్లోళ్లు. నాది వెంకటనారాయణ నిజం పేరే, ఒట్టు. వాళ్లది అడవిల ఊరు, భద్రాచలం రోడ్డుకెల్లి లోపటికి పోవాలె. అన్నదమ్ములిద్దరు. పెద్దోడు జంపయ్య, చిన్నోడు పగిడయ్య. నౌకరి పెద్దోని పేర వచ్చింది. వచ్చిండు, నెత్తికి బత్తి కట్టుకున్నడు, దిగిండు. ఒక్క షిఫ్టు. పైకొచ్చి నీళ్లు గూడ తాగకుండ నడుసుకుంట ఊరికి పోయిండంట. 'మనిషిని భూమి కింద పెట్టేది సచ్చినంక గద, నేను ముందుగాల్నే ఎందుకు పోవాలె' అన్నడంట. ఇగ వచ్చిన నౌకరి కార్డు ఖరాబైతదని చిన్నోడు పట్టుకొని వచ్చిండు. ఆధార్లు గీధార్లు ఎక్కడియి గప్పుడు? మొఖం నిండ బొగ్గుంటె అన్న ఎవలు, తమ్ముడెవలు. 'జంపయ్యా' అని పిలిస్తె 'ఆ' అన్నడు. ఇగ జిందగంత ఆ అన్నడు.

నౌకరి దిగిపోయే దినాలు దగ్గరపడ్డంక దగ్గు వట్టుకుంది. దవాఖానల పండవెట్టిండ్రు. కంపెనీ కాయితాలల్ల నామినీ అని ఉంటది గద, అండ్ల వాళ్లమ్మ పేరుంది, ఆ ముసలమ్మ పోయి ఎన్నేండ్లాయెనో. నేనే అన్న, 'గంగక్క పేర వీలునామా రాయి జంపయ్యా, లేకుంటె ఆమె రోడ్డున పడ్తది' అని. రాపిచ్చినం. ఏలుముద్ర ఏసిండు, నేనూ మా షిఫ్టు సంపత్ గాడూ సాక్షి సంతకాలు వెట్టినం. ఏం పేరు రాస్తం, కార్డు మీది పేరే, జంపయ్య. పోయినంక దవాఖానోళ్లిచ్చిన సావు కాయితంల గూడ జంపయ్యే. కంపెనీల అడిగితె, వీలునామా నిజమేనని కోర్టుకెల్లి కాయితం తెమ్మన్నరు. ప్రొబేటు అంటరు దాన్ని. నాకూ గప్పుడే తెల్సింది ఆ మాట.

ప్రేమ్‌సాగర్ అని ఖమ్మంల వకీలు. మంచోడే, నోరే జర పెద్దది. అసలు సంగతంత చెప్పినం. కండ్లద్దాలు తుడుసుకుంట అన్నడు: 'చూడు గంగక్కా, నిజం చెప్తె మారుపేరు కేసైతది. ఆయన చేసిన నౌకరే దొంగ నౌకరంటరు, నీకు రూపాయి రాదు. సచ్చింది జంపయ్య. నీ పెనిమిటి జంపయ్య. గంతే అను, మిగతాది నేను చూసుకుంట.' 'మరి ఊర్లె ఉన్నాయన?' అంది గంగక్క. 'ఊర్లె ఎవ్వరు లేరు' అన్నడు వకీలు.

ఊర్లె ఉన్నాయనేమో మంచిగ దున్నుకుంట ఉన్నడు. పోడు పట్టా, బియ్యం కార్డు, అన్ని జంపయ్య పేరనే. కోర్టు జంపయ్య సచ్చిండని రాసిందనుకో, రేపు ఆయన గతేంది? పోయి వాళ్ల గుడిసె ముంగట కూసొని అదే అడిగిన. 'పోతె పోనియ్యె అన్నా' అన్నడు. 'నేను దున్నంగ అడవి నా పేరడిగిందా? నేను ఒక్క షిఫ్టుకే ఉరికొచ్చిన. ఆ చీకట్ల వాడు బతుకంత దిగిండు. నా పేరు వాడు తొడుక్కున్నడు, చిరిగింది. ఇగ పారేయుండ్రి.' ఆయన పెండ్లాం బాలి ఊకుంటదా, లోపల్నుంచి లొల్లి: 'బతికున్నోన్ని సచ్చిండని పమాణం చేస్తరా, ఆ పమాణం కొడ్తది, నా ఇంటి మీదికి తేకుండ్రి!' 'ఊకోవే, నీకు ముండమోపి పింఛనొస్తది' అని ఈయన పరాచికం. చీపురు ఇసిరింది బాలి. మీద పడలే గని, పడితె బాగుండు.

ఇగ ఫీజు. కోర్టంటె ఉట్టిగ కాదు బిడ్డా. వచ్చే ఆస్తి ఎంతనో దాన్ని బట్టి ముందుగాల్నే కట్టాలె. రాని పైసలకు ఉన్న పైసలు కట్టుడు. గంగక్క కమ్మలు దవాఖానకే పోయినయ్. ఏం చేసిండో తెల్సా ఊర్లె ఉన్న అసలు జంపయ్య? ఎడ్ల జత అమ్మిండు. తన సావుకు తానే ఫీజు కట్టిన మనిషిని ఆయన్నొక్కన్నే చూసిన నేను. చలానా కట్టే లైన్ల నిలవడి నన్నడుగుతడు, 'అన్నా, నేను పోయినట్టు నాకు రసీదిస్తరా?' అని. నవ్వాల్నో ఏడ్వాల్నో.

వాయిద నాడు ఆయన్ని ఊరు దాటనియ్యద్దని వకీలు మరీ మరీ చెప్పిండు. మేం బస్సు దిగి చూస్తె, ఎనుక డోరుకెల్లి జంపయ్య దిగుతుండు, చేతిల సద్దిమూట. వకీలు గేటుకాడ చూసి నెత్తి కొట్టుకున్నడు. 'సచ్చినోన్ని ఎంటబెట్టుకొని వస్తరా ఎవలన్నా!' 'గది కాదు సారూ, మొగదిక్కు లేని ఆడిమనిషిని ఒక్కదాన్ని కోర్టుకెట్ల పంపుత? మా దిక్కు గట్ల పంపరు.' నేనున్న గద అంటె, 'నువ్వు ఇంటోనివి కావు గదనే అన్నా' అన్నడు. ఇగ ఏం చేస్తం? సైకిల్ స్టాండు కాడ కూసోవెట్టి, ఎవలన్న అడిగితె పేరు చెప్పకని చెప్పి లోపటికి పోయినం.

జడ్జి ఆడామె, నెమ్మదిగల్ల మనిషి. గంగక్కను బోనెక్కించి పమాణం చేపిచ్చిండ్రు. 'నీ భర్త పేరు చెప్పమ్మా' అంది. గంగక్క నోరిప్పదు. ఇప్పుడు మీరు మొగన్ని పేరువెట్టి పిలుస్తరు, తప్పనను. ఆమెసోంటోళ్లు పెనిమిటి పేరు నోట్లకెల్లి తీయరు. మనిషి పోయినా తీయరు. రేషన్ కాడ గూడ పక్కనున్నోళ్లే చెప్పాలె. జడ్జమ్మకు ఎరికే. 'ఇక్కడ పక్కోళ్లు చెప్తె చెల్లదమ్మా, నువ్వే చెప్పాలె' అంది. వకీలు కింద నిలవడి ఉట్టి పెదాలు ఆడిస్తుండు, జంపయ్య, జంపయ్య అని.  జంపయ్యంటె ఆమెకు బావ గద. ఆయన ముంగట నెత్తి మీది కొంగు దించేది కాదు, మంచం మీద కూసునేది కాదు. ఆ బావను పట్టుకొని నా మొగడనాలె, సచ్చిండనాలె. నిండు కోర్టుల. నేను అటు చూస్తనే ఉన్న, చటుక్కున కొంగు నెత్తి మీదికి గుంజుకుంది. ఎనుకకు మర్లి చూసిన. తలుపు కాడ జంపయ్య. ఆగబుద్ది కాలే ఆయనకు. చెయ్యితోని సైగ చేస్తుండు, అను, అను, అని.

'పగిడయ్య' అంది. ఫ్యాను సప్పుడుల ఎవలకు ఇనపడలే. 'ఏందమ్మా?' అంది జడ్జమ్మ. 'పగిడయ్య. నా పెనిమిటి పేరు పగిడయ్య. సచ్చింది పగిడయ్య. జంపయ్య మా బావ, అగో, తలుపు కాడ నిలవడ్డడు.' జడ్జమ్మ కాయితం చూసింది, తలుపు దిక్కు చూసింది. 'మరి వీలునామా జంపయ్య రాసినట్టుంది గదా?' 'అవ్.' 'ఆ జంపయ్య బతికున్నడా?' 'అవ్ అమ్మా. పొద్దుగాల గటక తాగిండు.' నవ్వేటోళ్లు నవ్విండ్రు. జడ్జమ్మ నవ్వలే. 'బతికున్నోని వీలునామా మీద కోర్టు ఏం చేస్తదమ్మా' అంది, మెల్లగనే అంది. కొట్టేసిండ్రు. నా వంతు రానేలేదు. కట్టిన ఫీజు వాపస్ రాదన్నరు. కంపెనీ పైసలు గూడ ఇగ రాలే. క్వార్టర్ ఖాళీ చేసి ఊరికి పోయింది, తునికాకు కోసుకుంట బతికింది, గట్లనే పోయింది గంగక్క.

ఆ నాడు గేటు బయట జంపయ్యకు కోపం, ఏమన్న కోపమా. తమ్ముని పెండ్లాన్ని కన్నెత్తి చూడనోడు, ఎదురుంగ నిలవడి: 'ఎడ్లు పోయినయ్! నీ బతుకు పోయింది! నేను సచ్చిన్నని ఒక్క మాట అంటె నీ నోరు అరుగుతదా? నాకు లేని బాధ నీకేంది? పా, మల్ల పోదాం, వకీలు కాళ్లు వట్టుకుందాం, తప్పు చెప్పిన్నను.' ఆమె కోర్టు గోడకు ఒరిగి నేల మీద కూసుంది. 'బావా' అంది. ఆయన మొఖం చూసి మాట్లాడుడు అదే మొదలు. 'బాయిల జంపయ్య అన్నరు, సప్పుడు చేయలే. దవాఖానల జంపయ్య సచ్చిండన్నరు, సప్పుడు చేయలే. మరి నా మనిషి యాడికి పోయిండు? ఎవ్వరు అడగలే, ఇయ్యాల ఆ అమ్మ అడిగింది. ఆయన ఇయ్యాల్నే సచ్చిండు బావా. నన్ను జర కూసోనియ్యి.'

కూసుంది. జర దూరంగ ఆయన గూడ కూసున్నడు, సద్దిమూట ఒళ్లె వెట్టుకొని. నల్లకోట్లోళ్లు పక్కకెల్లి పోతుండ్రు, వస్తుండ్రు. నేను నిలవడ్డ. ఎంతసేపంటె...

అగో, ఆ మేక ఎవలదే? పక్కింటి అరుణశ్రీ బంతి మొక్కలన్ని మేస్తుంది. కొట్టు బిడ్డా, కొట్టు దాన్ని.