తీగల మద్దిన మెయిలు బండి

పలాస టేసను బయట దాలమ్మ టీ బడ్డీ కాడ బాబ్జీ బల్ల మీద కూకున్నాడంటే, ఆ పూట పాలు ఇంకాసిని ఎక్కువ కాసుకోవాల్సిందే. ఆడి మాటలు వినడానికి ఆటోలోళ్ళు బేరాలొగ్గీసి నిలబడిపోతారు. సన్నాయి కాన్నుంచి హార్మోనీ దాకా ఏది పాడైనా బాగుసేత్తానంతాడు. బాగైందా అని తిరిగడిగినోడు ఒక్కడూ నేడు.

ఆ పొద్దున్న జీడి ఫేట్రీలో పనిసేసే నిరంజన్ పాత కరెంటు గిటారొకటి సంకనెట్టుకొని వచ్చినాడు. దసరా పందిట్లో వాయించాలి ఆడు. ఎవులో కలకత్తా నుంచి తెచ్చి అమ్మీసిన సరుకు, మెడ మరీ సన్నం. ఒక తీగ నొక్కితే వేలు పక్క తీగకీ తగిలీసి బొయ్యిమంతంది.

"తీగలు ఎడం సెయ్యాల మావా. నీవల్ల అవుద్దా?"

బాబ్జీ గిటారు ఒళ్ళో ఎట్టుకొని, జేబులోంచి ఆకురాయి తీసినాడు.

"ఇదేటి పనిరా! మన దాలమ్మొదిన పెనివిటి, సన్యాసన్న గిటారు దీనికన్నా సన్నం. నానేటి సేసినాను? ఆ తల కాడ తీగలు కూకునే ఎముక ముక్కుంతాది సూడు, దాన్ని పీకీసి, దున్నపోతు కొమ్ము కోసి కొత్త ముక్క సేసి గాట్లెట్టినాను. మొదటి తీగ ఇటంచుకి తోసీసినాను, ఆరోది అటంచుకి తోసీసినాను, మిగతా నాలుగూ మద్దిన సద్దుకున్నాయి. ఎంత ఎడమొచ్చిందంతావు?"

"పిల్లి పడుకునేంత," అన్నాడు ఆటో పోతురాజు.

"పడుకోడమేటి, పిల్లల్ని ఎట్టీసింది!"

దాలమ్మ గలాసులు కడుగుతా నవ్వుకుంది. మొగుడు పోయి ఏడాది దాటింది. ఆడి పేరు ఎవులో ఒకలు ఇలగ హుషారుగా తలిస్తే బాగానే ఉంది.

"అక్కడితో ఆగితే బాగున్ను," బాబ్జీ గొంతు పెంచినాడు. "నానెట్టిన గాటు ఆగదు గదా! టెక్కలి ప్రోగ్రాం నాటికి ఆ తీగలు ఎడమైపోయి ఎడమైపోయి, మొదటిది సుమ్మాదేవి టేసన్లో తేలింది, ఆరోది నిమ్మాడ పొలాల్లో తేలింది. ఆ తర్వాత ఏటైందో తెలుసా? మెయిలు బండి మూడో తీగకీ నాలుగో తీగకీ మద్దినుంచి ఎల్లిపోయింది. పెట్టెకి గీత పడితే ఒట్టు! డ్రైవరు బండాపీసి, 'ఎవులు బాబూ ఈ గాట్లెట్టినోడు' అని నా సెయ్యట్టుకున్నాడు."

"ఏ బాసలో అడిగినాడు?"

"అడగడం ఒరియాలో అడిగినాడు, ఏడవడం తెలుగులో ఏడ్సినాడు. మజ్జలో అడ్డురాకురా పోతురాజూ! సన్యాసన్న మొదటి తీగ మీటి, సైకిలెక్కి నిమ్మాడెల్లి ఆరోది మీటీవోడు. తాళం తప్పీది కాదు. ఆ సప్పుడుకి ఉద్దానంలో కొబ్బరికాయలు వాటంతటవే దిగి, పీచు ఒలుసుకొని కుప్పలెక్కీసినాయి. ఫేట్రీలో జీడిగింజలు పెంకులిప్పుకొని, పప్పులు ఆడోళ్ళ సేతుల్లో పడ్డాయి. సముద్రమైతే కెరటమాపీసి కూకుంది."

"నాది నిమ్మాడ దాకా వద్దు మావా, కాశీబుగ్గ దాకా సాలు," అన్నాడు నిరంజన్. బల్లంతా గొల్లుమంది. దాలమ్మ కూడా నవ్వినాది.

నవ్వులు తగ్గినాక బాబ్జీ ఆకురాయి గిటారు తలకి ఆనించి, మెల్లగా అన్నాడు. "ఎంత సెప్పు, ఆ గిటారుని సన్యాసన్న సచ్చిపోయిందాకా సంక దించనేదురా. 'తమ్ముడూ, నా సేతులు నాకు తిరిగిచ్చీసినావు' అన్నాడు నాతోటి."

దాలమ్మ గలాసు కింద ఎట్టీసింది.

"రైలెల్లిందన్నావు, ఎల్లనీ. కొబ్బరికాయలు ఒలుసుకున్నాయన్నావు, ఒలుసుకోనీ. ఈ మాట మటుకు అనకు మరిదీ."

"అదేటొదినా..."

"టెక్కలి నుంచి వచ్చిన పూటే గోడకి తగిలించీసినాడు. మరి ముట్టుకోనేదు. నొక్కితే మొదటి తీగ వేలి కిందనుంచి అంచు దాటి జారిపోయీదంట. జనం ఈలలేసినారంట. ఇంటికొచ్చి వేళ్ళు సూపించినాడు నాకు. 'జీడి తినీసిందే దాలీ, మొనలకి ఏటీ తెలీడం నేదు' అన్నాడు."

పలాసలో ఎవుల సేతిలోంచి ఏది జారినా జీడి మీదే ఏత్తారు. గింజ కొట్టినోళ్ళకి ఆ పెంకు రసం తగిలి తగిలి సర్మం లేసిపోద్ది, సూది పట్టుకున్నా జారిపోద్ది. సన్యాసి ఫేట్రీలో పదేళ్ళు పైనే కొట్టినాడు. అందుకే ఎవులూ ఇంకోలా అనుకోనేదు. దాలమ్మా అనుకోనేదు. ఆముదం రాసీది, రాస్తానే, 'ఈ సేతులకి ఇంక గిటారేటి, ఊరుకో' అనీది. ఆడు ఊరుకున్నాడు.

"మొన్న బూజు దులుపుతా ఆ తీగని బొటనేలితో నొక్కినాను," అన్నాది. "జారిపోయింది. ఇంకోపాలి నొక్కినాను. అలగే జారిపోయింది. నా సేతులకి టీ డికాసినే గాని జీడెప్పుడూ అంటనేదు. మరెందుకు జారింది బాబ్జీ?"

పోతురాజు నేల సూసినాడు. నిరంజన్ బాబ్జీ ఒళ్ళోని గిటారు మెడ మీద వేలెట్టి అంచుదాకా జరిపి సూసుకున్నాడు.

"అంచు కాడ కూసింత జాగా ఒగ్గనేదా మావా?"

బాబ్జీ ఆకురాయిని గిటారు తల మీంచి తీసీసినాడు. నిరంజన్ గిటారు తీసుకున్నాడు. అడ్డుపడనేదు బాబ్జీ.

"పోనీ, బరంపురంలో ఎవులికైనా సూపించు," అన్నాది దాలమ్మ నిరంజన్‌తో. "నీ సేతులు బాగానే ఉన్నాయి. ఆ మాట ముందు తెలుసుకో."

బాబ్జీ ఆకురాయి జేబులో ఎట్టుకోబోయి, ఎట్టుకోకుండా పట్టుకునే ఉన్నాడు. "అన్న నన్నొక్క మాటా అననేదొదినా."

"నిన్నేటంతాడు? తప్పు సేతులదనుకున్నాడు. పోయే ముందు కూడా, బాబ్జీ మంచి పనోడు అనే అన్నాడు."

బాబ్జీ మొకం అలగ వాడిపోడం ఆ బడ్డీ కాడ ఎవులూ ఎప్పుడూ సూణ్ణేదు.

"ఆ గిటారోపాలి నా కాడికి పంపించొదినా. కొత్త ముక్క సేసి, తీగలు లోపలికి జరిపీసి, అంచు ఒగ్గి ఎట్టి ఇత్తాను. ఈపాలి జారదు."

"జారదు, సరే," అన్నాది దాలమ్మ. "ఎవులు వాయిత్తారు?"