హార్‌గ్రీవ్ దొర గుండు

అసుంతా కాఫీకొట్టు ముందు ఆ పొద్దున మామూలుగా చేరే మాతోపాటు హాంబర్గ్ నుంచి వచ్చిన గుడ్రూన్ అమ్మగారు కూడా కూర్చున్నారు. కొండమీద పాడుబడ్డ ఇంట్లో ఒకప్పుడు కాపురమున్న ఇంగ్లీషు మంత్రగాడు హార్‌గ్రీవ్ దొరకి ఆవిడ భక్తురాలు. మర్నాడు భక్తులంతా కలిసి ఆ ఇల్లు తెరుస్తారట. దొరని తాకిన మనిషెవరైనా బతికుంటే అతని చేత్తోనే తలుపు తీయించాలని వాళ్ళ కోరిక. మా క్షవరాల కాలోజెరో ప్రాణమంతా ఆ తలుపు మీదే ఉంది. ఊరి పునీతుడి ఊరేగింపులో ఇన్నేళ్ళుగా అతని చేతికి కొవ్వొత్తైనా ఇచ్చినవాడు లేడు మరి.

"నాకప్పుడు మీసమైనా మొలవలేదమ్మా," అని మొదలెట్టాడు. "దొరకి గుండు గీసేవాణ్ణి, అంతే. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. ఓ రోజు కత్తి నెత్తిమీద ఉండగానే ఆయనేదో మంత్రం అందుకున్నాడు. 'ఆగండి దొరగారూ, ఆ మాట తప్పు' అన్నాను. దిద్దుకున్నాడు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? గిన్నెలో నీళ్ళు వాటంతటవే కాగిపోయాయి!"

"పొయ్యి మీదున్నాయేమో," అన్నాడు వలల నూన్సియో.

"నువ్వు నీ చేపల సంగతి చూసుకోరా! అమ్మా, మీరంతా పూజకి ముందు కుడిచెయ్యి లాగు ముందర పెట్టి పట్టుకుని కళ్ళు మూసుకుంటారు చూశారూ..."

"మూలముద్ర," అంది గుడ్రూన్ భక్తిగా.

"అదీ నేను నేర్పిందే. లండన్ నుంచి న్యూయార్క్ దాకా ఇవాళ ఎంతమంది పట్టుకుంటున్నారో!"

నూన్సియోకి కాఫీ పొలమారింది. "ఒరేయ్, దొర ఎదురుపడితే చెడు తగలకుండా మన తాతలు పట్టుకునేవాళ్ళురా అక్కడ! శవాల బండి కనిపిస్తే ఇప్పుడు మనం పట్టుకోవడం లేదూ? ఆ మహానుభావుడు అది చూసి తనకి దణ్ణమనుకున్నాడు!"

గుడ్రూన్ వినిపించుకోలేదు. కాలోజెరో కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకున్నాడు.

"అసలుది వినండి. ఓ మధ్యాహ్నం దొర సైతానుని పిలిచాడు, తీరా వాడు వచ్చేసరికి హడలిపోయి తనే మంచం కింద దూరాడు. వాడేమో కొమ్ములకి ఎవరిదో ఆరేసిన దుప్పటి చిక్కుకుని వాకిట్లో నిలబడ్డాడు. నేను కత్తి నూరుకుంటూనే 'చెప్పులు విప్పి రా' అన్నాను. 'గిట్టలు బాబూ' అన్నాడు. 'అయితే కడుక్కుని రా' అన్నాను. కూర్చోబెట్టి గడ్డం గీసి, ఇంత బఠానీల చారు పోశాను. గిన్నె మీద గిన్నె తాగి వెక్కి వెక్కి ఏడ్చాడమ్మా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎట్నా అగ్నిపర్వతం మండుతోందిరా, ఆర్పి పో అన్నాను, ఆర్పాడు. సముద్రం గోలగా ఉందన్నాను, మా ఇంట్లో భోజనాలయ్యేదాకా అలలు ఆపాడు. వెళ్తూ వెళ్తూ, 'గురువుగారూ, ఇక నరకం మీరే చూసుకోకూడదూ?' అని బతిమాలాడు. నాకు దుకాణం తెరిచే వేళైంది, కుదరదన్నాను."

కాలోజెరో అక్క అసుంతా కప్పులు తుడుస్తూ వచ్చింది. "ఏరా, దొర చచ్చిన మరుసటేడు కదరా నువ్వు పుట్టావు? నిన్ను చంకనేసుకు తిరిగినదాన్ని, నా దగ్గరా నీ కోతలు?"

మాకు నవ్వాగలేదు. కాలోజెరో మొహం పాలిపోయింది. రేపటి తలుపు చేజారినట్టే.

గుడ్రూన్ మాత్రం లేచి నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు. "మరుసటేడా? పోయిన మరుసటేడే ఈ ఊళ్ళో మళ్ళీ పుడతానని గురువుగారు చెప్పి పోయారు!" అంటూ అతని కాళ్ళ దగ్గర మోకరిల్లింది. "తలుపు మీరు తీయడమేమిటి స్వామీ, మేం తీస్తాం. లోపల ఉండాల్సింది మీరు. వైనూ, చేపా, చుట్టా, చుట్టాలూ అన్నీ వదిలేసి, బతికున్నన్నాళ్ళూ గడప దాటకుండా."

కాలోజెరో గ్లాసు కింద పెట్టేశాడు. "అమ్మా, అక్క చెప్పిందే నిజం. నేను వట్టి కోతలరాయుణ్ణి. నన్ను నమ్మకండి!"

"గురువుగారూ ఇదే అనేవారు," అందావిడ పరవశంగా.

"అక్కా, నువ్వైనా చెప్పు!"

"చెప్పానుగా, ఏమైందో చూశావుగా," అంది అసుంతా. "'నా మాట ఒక్కడూ నమ్మడక్కా' అంటూ మాట నేర్చినప్పట్నుంచీ నా ప్రాణం తోడేశావు. ఇదిగో, నమ్మే మనిషి దొరికింది. పద, నీ దుప్పట్లు సర్దిస్తాను."